గింజల అల్లిక

బ్రిటను తీరమున పందొమ్మిదవ శతాబ్దపు జాలరులు ధరించిన, గర్న్సీ ద్వీపనామమున 'గాన్సీ' యని పిలువబడిన ముదురునీలపు ఊలు చొక్కాను పరికించినచో, క్రిందిభాగము నునుపుగను, వక్షఃస్థలము మాత్రము గింజలు చల్లినట్లు గరుకుగను కానవచ్చును. ఈ 'మాస్ స్టిచ్' రహస్యమెల్ల, దారమును ఒక ఉచ్చులోనుండి ముందునకు, ప్రక్క ఉచ్చులోనుండి వెనుకకు లాగుచు, మరుసటి వరుసలో ఆ క్రమమును తలక్రిందులు చేయుటయే. క్రొత్తగా నేర్చు బాలిక ఆ తలక్రిందులు చేయుట మరచినచో, గింజలు మాయమై నిలువుచాళ్ళు బయలుదేరును. హెర్రింగు చేపలవెంట స్కాట్లండునుండి గ్రేట్ యార్మత్ వరకు సాగివచ్చిన శ్రామికస్త్రీలు, చేపలు కోసి ఉప్పుపట్టించు పని నడుమ చిక్కిన తీరికలో, రేవుగట్టున నిలుచుండియే ఇట్టి చొక్కాలను అల్లుచుండిరి.

మునిగిన జాలరి శవమును చొక్కా అల్లికచే గుర్తించెడివారను మాట లోకప్రసిద్ధము. అయినను, 1904లో డబ్లినున ప్రదర్శితమైన, ఐర్లండు రచయిత సింజ్ నాటకమున, జారిన ఉచ్చులచే మునిగిన అన్న మేజోడును చెల్లెలు పోల్చుకొను హృదయవిదారక ఘట్టమే దానికి బలమిచ్చినదని నాకు తోచుచున్నది. నన్ను అంతకంటె కదలించునది గాన్సీలల్లిన స్త్రీల దూరదృష్టి: చొక్కా చేతులను భుజమునుండి క్రిందికి అల్లుటచే, రాపిడికి మణికట్టువద్ద చిరిగినంతమేర విప్పి, మరల క్రొత్త ఊలుతో అల్లుకొనెడివారు.