మన్యపు మట్టి యిల్లు

చరిత్ర వ్రాసినవారు రాజుల కోటలను గూర్చియు, ఆలయ గోపురములను గూర్చియు విస్తారముగా వ్రాసిరి. సామాన్యుడు తన చేతులతో కట్టుకొనిన యింటిని గూర్చి వ్రాసినవారు తక్కువ. శాసనములలో దానికి చోటు లేదు. శిథిలములలోనైనను దాని జాడ మిగులదు. మట్టితో కట్టినది మట్టిలోనే కలిసిపోవును గదా! అయినను మన అరకు లోయలోను, తూర్పు కనుమల మన్యములోను ఆ విద్య తరతరములుగా చేతినుండి చేతికి వచ్చుచున్నది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో దానికి కొంత చోటు ఇచ్చుట న్యాయమని తలంచితిని.

ఈ విద్య ప్రాచీనతను తెలిసికొనవలెనన్న వాల్మీకి రామాయణము, అరణ్యకాండలో, లక్ష్మణుడు పంచవటియందు పర్ణశాల కట్టిన ఘట్టమును చదువవలెను. పర్ణశాల యనగానే ఆకుల గుడిసె యని మనము తలంతుము. ఆదికవి వర్ణన అట్లు లేదు. లక్ష్మణుడు నేలను చదును చేసెను. మట్టితో గోడలు లేపెను. గట్టి స్తంభములు నిలిపెను. పొడవైన వెదుళ్లను వాసములుగా వేసెను. వానిపై జమ్మికొమ్మలు పరచి త్రాళ్లతో బిగించెను. పిమ్మట దర్భ, రెల్లు, ఆకులతో కప్పెను. ఆ పనితనమును చూచి శ్రీరాముడు తమ్ముని కౌగిలించుకొనెను. కొండదొరలు, బగతలు, పోర్జలు ఇల్లు కట్టు విధమును చూచినవారికి ఆ వరుస యెంతమాత్రము క్రొత్తగా తోచదు.

గోడపని వానలు వెనుకబట్టిన తరువాతనే మొదలుపెట్టుదురు. ఎర్రమట్టిని త్రవ్వి, నీరు పోసి, గడ్డిపరకలు కలిపి కాళ్లతో త్రొక్కుదురు. ఆ ముద్దలతో మూరెడెత్తు వరుస పెట్టి ఆరనిత్తురు. ఆరిన పిమ్మటనే రెండవ వరుస. తడిమీద తడి పెట్టినచో గోడ జారును. గడ్డి, మట్టి ఆరునప్పుడు బీటలు వారకుండ పట్టి యుంచును. మందమైన గోడ పగటి వేడిని మెల్లగా గ్రహించి రాత్రి మెల్లగా విడుచును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకులో, పుష్యమాసపు రాత్రి, ఈ గుణము విలువ తెలియును.

మట్టిగోడకు నీరే శత్రువు. అందుచే క్రింద రాతి పునాదియు, పైన బాగుగా దిగిన చూరును దానికి కాపుదల. పొయ్యి పొగ కప్పులోనికి ప్రాకి వెదురును, గడ్డిని పురుగు తినకుండ చేయును. అటకమీది గింజలను ఆరబెట్టును. ఒక్క పొయ్యికి మూడు పనులు!

కనుమలంతటను ఇల్లు ఒక్క తీరున నుండదు. పాపికొండల వేడిలో నివసించు కొండరెడ్లు గాలి ఆడునట్లు వెదురు తడికలతో గోడలు అల్లుకొనిరి. వారి జీవనమును హైమెండార్ఫ్ పండితుడు 1945లో వెలువడిన తన గ్రంథములో వర్ణించెను. సవరలు ఇండ్లను వరుసగా ఒకదానికొకటి ఆనించి కట్టుదురు. అప్పుడొక గోడ రెండిండ్లకు పనికివచ్చును. కొండవాలుపై సున్నము లేకుండ రాళ్లు పేర్చి మెట్లమళ్లు చేయుటలోను వారు నేర్పరులు. ఊటనీరు పైమడినుండి క్రిందిమడికి దానంతట అదే దిగును. యంత్రము వలదు, నూనె వలదు. ఊటను రాతితో కట్టి గొట్టముల ద్వారా ఊరికి నీరు దించు నేటి పద్ధతికి మూలము ఈ సూత్రమే.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక మాట చెప్పవలెను. ఈ యింటికి ఖర్చు లేదనుట సరికాదు. ఖర్చు కలదు; అది రూపాయలలో గాక శ్రమలో పడును. నేడు నేను నీ యింటి గోడకు మట్టి త్రొక్కితిని. రేపు నీవు నా కప్పుకు గడ్డి మోయవలెను. ఇది పత్రము లేని ఋణము. ఇక ఏటేట గోడలు పూసి, నేల అలుకు స్త్రీల శ్రమ ఏ పద్దులోను చేరినది కాదు.

1960 దశాబ్దములో, బైలదిల్ల ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై, కొత్తవలస–కిరండోలు రైలుమార్గము ఈ కొండలలో పడెను. రైలు, రోడ్డు వచ్చిన వెంట సిమెంటు, రేకు వచ్చెను. 1985లో ఇందిరా ఆవాస్, 2016లో ప్రధానమంత్రి ఆవాస్, 2023లో ఆదిమ తెగలకై జన్‌మన్ పథకము పక్కా యిండ్లను తెచ్చెను. దీనిని నిందింపరాదు. గడ్డికప్పు నిప్పుకు లొంగును. గడ్డియు నేడు సులభముగా దొరకదు. ఏటేట కప్పు నేయు బాధ తప్పుట మేలే. కాని పలుచని గోడ, రేకు కప్పు గల యిల్లు వేసవిలో కాగును, చలికాలమున వణికించును. అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు: మట్టిగోడ బీటవారినచో ఇంటివాడే పూడ్చుకొనును, సిమెంటు బీటవారినచో మేస్త్రీ కొరకు, రొక్కము కొరకు ఎదురుచూచును. నిన్నటివరకు గృహనిర్మాతయైనవాడు నేడు లబ్ధిదారుడను పేరు పొందెను.

ఈ రెంటికిని పొత్తు కుదురదా? కుదురును. ఇంగ్లండులో 1917లో పుట్టి భారతదేశమును స్వదేశము చేసికొనిన లారీ బేకరు, హిమాలయమునందలి పిథోరాగఢ్ కొండలలో పెక్కేండ్లుండి, అచ్చటి పల్లెవారి యిండ్లను చూచియే తన విద్య నేర్చితినని చెప్పెడివాడు. ఇంటి సామగ్రి ఐదు మైళ్లలో దొరకునదై యుండవలెనన్న గాంధీమహాత్ముని మాటను పాటించి, 2007లో మరణించువరకు, కేరళలో తక్కువ ఖర్చుతో ఎన్నో యిండ్లు కట్టెను. రాతి పునాది, మందపు మట్టిగోడ, నిప్పంటని పెంకుకప్పు కలిపినచో మన కొండలకును అట్టి యిల్లు అమరును.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమను గచ్చును చేయు విధము వ్రాసి యుంచెను. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు మొదలగువానిని నీట కాచి చేయవలెనని నేటికిని మనము చదువగలుగుచున్నాము. వ్రాసినందుననే అది నిలిచినది. మన కొండవారి విద్య వ్రాయబడలేదు. ఏ గుంట మట్టి గోడకు పనికివచ్చును, గడ్డి ఏ మాసమున కోయవలెను, వరుసకు వరుసకు ఎన్ని దినములు ఆరనీయవలెను — ఇవన్నియు వృద్ధుల నోట నున్నవి. కావున పాఠకమహాశయులకు నా మనవి: మన గ్రంథాలయములో ఇందుకై ఒక పుస్తకము తెరచి, తెలిసిన పెద్దలను పిలిచి, వారి పేరుననే వారి మాటలను వ్రాసి ఉంచవలెను. కొనిన గ్రంథముల సరసన మనము వ్రాసికొనిన గ్రంథమొకటి చేరుట రజతోత్సవమునకు తగిన పని.