కనబడని వెలుగు, నల్లమచ్చ

"దేవుడు కనబడడంటారు, మరి కరెంటు కనబడుతుందా?" అని హేతువాదులను నిలదీయడం పాత అలవాటే. నేను సోలార్ పలకల కథ చెబుతుంటాను.

అమెరికాలోని బెల్ ప్రయోగశాల 1954లో సిలికాన్ సోలార్ సెల్‌ను ప్రదర్శించింది. పలక ఎంత ముసలిదయిందో తెలియాలంటే చాలాకాలం కంటిచూపు, కరెంటు కొలత, ఇవే దిక్కు. 1980లలో కాలిఫోర్నియాలోని కరీజో ప్లెయిన్ కేంద్రంలో, అద్దాలు పెట్టి అదనపు ఎండ పడేలా చేసిన పలకల్లో ప్లాస్టిక్ పొర గోధుమరంగుకు తిరిగింది. అది ఎవరికైనా కనబడుతుంది. తళతళలాడే పలకలో సెల్‌కు పడ్డ సన్నని పగులు కనబడదు. కొలిస్తే కరెంటు ఎంత తగ్గిందో తెలుస్తుంది, ఎక్కడ దెబ్బతిన్నదో తెలియదు. కోసి చూద్దామంటే పలకే పోతుంది!

దారి చూపిన సంగతి ఇంకా పాతది. కార్బొరండంలోకి కరెంటు పంపితే వెలుగు వస్తుందని హెన్రీ రౌండ్ 1907లోనే రాశాడు. సోలార్ సెల్ కూడా ఒక డయోడే కదా. 2005లో జపాన్‌లో ఫుయుకీ బృందం సెల్‌లోకి కరెంటు ఎక్కించి, అది వెలువరించే పరారుణ కాంతిని ఫోటో తీసింది. సుమారు 1150 నానోమీటర్ల ఆ కాంతి మన కంటికి ఆనదు. ఫోటోలో బాగున్న భాగం వెలుగుతుంది, కరెంటు అందని ముక్క నల్లగా ఉంటుంది. పరారుణాన్ని ఆపే ఫిల్టర్ తీసేస్తే మామూలు డిజిటల్ కెమెరాతోనూ చీకట్లో ఈ పని చేయవచ్చు. భక్తుడు తీసినా నాస్తికుడు తీసినా మచ్చ అక్కడే పడుతుంది.

అయితే మచ్చ ఉన్నంత మాత్రాన పలక పనికిరాదని కాదు. నష్టమెంతో మళ్ళీ కొలవాల్సిందే.