తరిగొండ వెంగమాంబ నాటకములు

అనంతపురమండలము వాన కురియని నేల యని ప్రసిద్ధి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే యీ పీఠభూమికి దక్కు భాగ్యము. అయినను నాటకవిద్య విషయమున ఈ నేల గొడ్డుపోలేదు. ఆంధ్రనాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) ఇచ్చటివాడే. ఆయన మేనల్లుడును, 1880లో తాడిపత్రిలో జన్మించినవాడును అగు బళ్లారి రాఘవాచార్యులు, స్త్రీపాత్రములను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, చదువుకొన్న స్త్రీలను రంగమున కాహ్వానించెను. స్త్రీ రంగముపై ఆడవచ్చునా యని నాడు పెద్దలు చాల తర్కించిరి. స్త్రీ నాటకము వ్రాయవచ్చునా యను ప్రశ్న అంతగా వినబడలేదు. దానికి సమాధానమును అంతకు నూఱేండ్లకు పూర్వమే, మనకు పొరుగున, ఇదే మెట్టసీమలో, ఒక బాలవితంతువు వ్రాసియుంచెను.

ఆమె తరిగొండ వెంగమాంబ. 1730 ప్రాంతమున, గుఱ్ఱంకొండకు చేరువనున్న తరిగొండలో, నందవరీక బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తల్లి మంగమాంబ, తండ్రి కృష్ణయామాత్యుడు. బాల్యముననే వివాహము, బాల్యముననే వైధవ్యము. వితంతువునకు తల గొరిగించి, బొట్టు తుడిపించి, వంటింటి మూలను చూపుట నాటి యాచారము. వెంగమాంబ అందుల కొప్పుకొనలేదు. శ్రీనివాసుడే తన భర్త యని చెప్పి, జుట్టు తీయించుకొనక, సుమంగళీ చిహ్నములను విడువక నిలిచెను. ఊరివారు నిందించిరి. మదనపల్లె నివాసియగు రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి మాత్ర మామెకు యోగవిద్య నుపదేశించెను. పిమ్మట ఆమె తిరుమల చేరి, గ్రంథరచనలో కాలము గడపి, 1817లో అచ్చటనే తనువు చాలించెను.

వెంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము మున్నగు కావ్యము లామె వ్రాసెనని పలువు రెఱుగుదురు. శివనాటకము, బాలకృష్ణ నాటకము, చెంచు నాటకము, రుక్మిణీ నాటకము, గోపీ నాటకము, ముక్తికాంతా విలాసము మున్నగు యక్షగానముల సంగతి తెలిసినవారు తక్కువ. ఆమెకు ముందు, పదునేడవ శతాబ్దమున, తంజావూరి విజయరాఘవనాయకుని కొలువులో రంగాజమ్మ మన్నారుదాస విలాసమను యక్షగానము రచించియుండెను. అయితే రంగాజమ్మకు రాజాస్థానమున్నది. వెంగమాంబకు కొలువు లేదు.

యక్షగాన మనగా దరువులతో, ద్విపదలతో, వచనములతో నడచు గేయనాటకము. చదువురాని వారికిని చెవిద్వారా హృదయమున కెక్కునది. చెంచు నాటకమున అడవిబిడ్డ దేవునికి ప్రియురాలగును. గోపీ నాటకము గొల్లకలాపముల కోవకు చెందినది; ఆ కోవలో చల్లలమ్ము గొల్లపడుచు శాస్త్రము చదివిన విప్రుని నిలువరించి, జన్మమును గూర్చియు, కులమును గూర్చియు వాదించును. పండితులు మాటలాడ నీయని స్త్రీ, నాటకమున పండితునితో మాటలాడు స్త్రీని నిలుపుట సామాన్యవిషయమా?

అమెరికాదేశమున నాటకమునకు పులిట్జరు బహుమాన మందిన మొదటి స్త్రీ జోనా గేలు. అది 1921వ సంవత్సరము. తోబుట్టువు ఇంట వంటచేయుచు జీతములేని దాసివలె బ్రతుకు ఒక అవివాహిత కథయే ఆమె నాటకము. సముద్రముల కావలి యా కథ మనకు క్రొత్తది కాదు. మన యిండ్లలో అట్టి స్త్రీలు అన్నదమ్ముల పంచల బ్రతికిరి. వెంగమాంబకును లోకము ఏర్పఱచిన చోటు అదియే. ఆమె ఆ చోటు విడిచి, తాటాకును గంటమును చేపట్టెను.

ఆమెను గూర్చి ఒక కథ కలదు. పుష్పగిరి పీఠాధిపతి మందలింపవచ్చెననియు, ఆయన లేచిన ఆసనమునకు ఆమె నమస్కరింపగా అది భగ్గున మండెననియు చెప్పుదురు. ఈ కథను మేమును భక్తితోనే వింటిమి. ఇప్పు డాలోచింపగా ఇందొక చిక్కు కనబడుచున్నది. ఆమె కేశములను కాపాడినది మహిమయే యైనచో, మహిమలేని వితంతువు గతి యేమి? మహాత్మురాలికి మినహాయింపు నిచ్చి, లోకము తన యాచారమును చెక్కుచెదరకుండ నిలుపుకొనెను. 1856లో వితంతు పునర్వివాహ శాసనము వచ్చెను. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. అప్పటికి వెంగమాంబ గతించి అరువదినాలుగేండ్లు. ఆ నడుమ ఎందఱు బాలికలు మంగలికత్తి యెదుట తలవంచిరో తలచుకొన్న గుండె కరగును. వారికి కావలసినది మహిమ గాదు. ఆమె చూపిన యెదిరింపును న్యాయమని యొప్పుకొను నాలుగు గృహములు.

ఆమె నాటకములకును ఇట్టి గతియే పట్టినది. తిరుమలలో ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాలహారతి జరుగుచున్నది. అన్నప్రసాద భవనమునకు ఆమె పేరున్నది. ఈ గౌరవము తగినదే. కాని హారతి నందుకొను చేతులు పుస్తకము నందుకొనుట అరుదు. ఆమె గ్రంథములు ముద్రితములై యున్నవి. చదువరులారా, ఒక సాయంకాలము గోపీ నాటకమును మీ యింట పైకి చదివించుడు. గొల్లపడుచు మాటలను మీ యాడుబిడ్డచేత పలికించుడు. విప్రుని మాటలను మీ కుమారుడు పలికి, జవాబునకై వేచియుండుట నేర్చుకొనుగాక.