వ్రతవస్త్రం, వేషవస్త్రం

ఐరోపా, అమెరికా ఖండాలలో మధ్యయుగ చరిత్రను వేషధారణతో సహా పునరభినయించే సమాజాలు అనేకం ఉన్నాయి. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆరంభమైన ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం’ వాటిలో సుప్రసిద్ధం. ఇంగ్లాండులో 1066 నాటి హేస్టింగ్స్ సంగ్రామాన్ని ఆ రణభూమిలోనే, విజేతయైన విలియం ప్రాయశ్చిత్తార్థం నిర్మింపజేసిన మఠం చెంతనే, అభినయిస్తూ ఉంటారు. కవచధారుల నడుమ అక్కడక్కడ నల్లని అంగీ, నడుమున తాడు, తలపై ముసుగు గల సన్న్యాసి వేషాలు కూడా దర్శనమిస్తాయి. యోధుని కవచం కన్నా ఈ వేషం సులభమని చాలామంది తలపు. బజారులో దొరికే పాలిస్టర్ అంగీ ఒకటి కొంటే చాలుననుకుంటారు. కానీ ఆ వస్త్రపు నూలుకు, రంగుకు, పొడవుకు కూడా వెనుక ఒక వ్రతం ఉన్నది.

6వ శతాబ్దంలో ఇటలీలో సెయింట్ బెనెడిక్ట్ తన మఠవాసులకై రచించిన నియమావళిలో 55వ అధ్యాయం వస్త్రవిషయకం. ప్రతి సన్న్యాసికి రెండు అంగీలు, రెండు ముసుగువస్త్రాలు చాలునని దాని శాసనం. రాత్రి మార్చుకొనుటకు, ఉతుకుకొనుటకు రెండేసి అవసరం. అంతకు మించినది అధికమే. రంగును గురించి గాని, ముతకదనాన్ని గురించి గాని చింతింపరాదు. ఆ ప్రాంతంలో చౌకగా లభించినదే ధరించాలి. క్రొత్తది గ్రహించిన వెంటనే పాతది తిరిగి అప్పగించాలి, అది దరిద్రులకు చేరుతుంది. 22వ అధ్యాయంలో మరొక ముచ్చట ఉన్నది. సన్న్యాసులు నడుము కట్టుకొని, వస్త్రాలతోనే నిద్రించాలి. అయితే నిద్రలో గాయపడకుండా పక్కనున్న కత్తిని మాత్రం తీసివేయాలి. అనగా పగటివేళ ఆ విరాగి నడుమున ఒక చిన్న కత్తి వ్రేలాడుతూ ఉండేదన్నమాట! నేటి వేషధారులలో దీనిని స్మరించేవారు అరుదు.

రంగును గురించి చింతింపవద్దన్న నియమాన్ని పాటించే శిష్యపరంపరలోనే కాలక్రమాన రంగును గూర్చి మహావివాదం చెలరేగింది. 1098లో ఫ్రాన్సులోని సీతోలో స్థాపితమైన సిస్టర్షియన్ మఠసంప్రదాయం అద్దకం లేని సహజోర్ణాన్నే స్వీకరించింది. అందుచేత వారు శ్వేతసన్న్యాసులైనారు. క్లూనీ మఠీయులది నల్లని వస్త్రం. క్లూనీ మఠాధిపతి పీటర్, సిస్టర్షియన్ అగ్రణి బెర్నార్డ్‌కు వ్రాసిన లేఖలలో సైతం ఈ నలుపు తెలుపుల ప్రసక్తి ఉన్నది. ఉభయులూ విద్వాంసులే, ఉభయులూ భక్తులే. అహంకారం నూలుపోగులో కూడా దాగగలదని వారి వివాదం చూచినవారికి తోచక మానదు.

ఫ్రాన్సిస్కన్ల వస్త్రచరిత్ర మరింత తీవ్రమైనది. వారి వేషం అనగానే అభినేతలు గోధుమరంగు అంగీ ఎన్నుకొంటారు. మధ్యయుగ ఇంగ్లాండులో వారి ప్రసిద్ధనామం మాత్రం ‘గ్రే ఫ్రయర్స్’, అనగా బూడిదవర్ణపు సోదరులు. గోధుమరంగు తరువాతి కాలపు వాడుక. అసిసి నగరవాసి ఫ్రాన్సిస్ 1226లో దేహం చాలించే ముందు చెప్పిన చివరి మాటలలో తొలి సహచరులను స్మరించాడు. సర్వస్వం దరిద్రులకు ధారపోసి, లోపల వెలుపల అతుకులు వేసిన ఒకే అంగీతో, ఒక త్రాటితో, లోవస్త్రంతో వారు తృప్తి చెందారన్నాడు. ఆయన ధరించినదిగా పూజింపబడే అతుకుల అంగీ నేటికీ అసిసిలో భద్రంగా ఉన్నది. త్రాటికి వేసే మూడు ముడులు దారిద్ర్య, బ్రహ్మచర్య, విధేయతా వ్రతాలకు సంకేతాలు.

తరువాతి తరంలో ‘స్పిరిచువల్స్’ అనబడిన కఠోరవ్రతులు పొట్టివి, ఇరుకైనవి, ముతకవి అయిన అంగీలనే ధరిస్తామని పట్టుబట్టారు. అంగీ ఎంత పొడవుండాలో, ఎంత ముతకగా ఉండాలో నిర్ణయించే అధికారం పెద్దలదేనని, దారిద్ర్యం కన్నా విధేయత ఉన్నతమని పోప్ 22వ జాన్ 1317లో శాసించాడు. లోబడని నలుగురిని 1318 మే 7న మార్సేయ్ నగరంలో సజీవదహనం గావించారు. ధాన్యపు కొట్లు, మద్యపు నేలమాళిగలు కలిగియుండటం తగునా అనే ప్రశ్న కూడా ఆ వివాదంలో ఉన్నది. అయినను అంగీ దానికి కేంద్రం.

సన్న్యాసి కానివాడు సన్న్యాసి వస్త్రం ధరించడం ఆధునికుల కల్పన మాత్రమే కాదు. మృత్యుముఖాన ఫ్రాన్సిస్కన్ అంగీ ధరిస్తే సద్గతి కలుగునని గృహస్థులలో, ప్రభువులలో దృఢమైన విశ్వాసం ఉండేది. 1531లో పారిస్‌లో మరణించిన కార్పీ ప్రభువు అల్బెర్టో పియో అట్లే ఖననమైనాడు. ఆయనతో వాదించిన ఎరాస్మస్ దీనిని అదే సంవత్సరం ఒక సంభాషణా రచనలో పరిహసించాడు.

నేటి వేషధారులలో శ్రద్ధాళువులు అద్దకం లేని ఉన్ని సేకరించి చేతికుట్టుతో అంగీ సిద్ధపరచుకొంటారు. నడినెత్తి ముండనానికి మాత్రం అనేకులు వెనుదీస్తారు; ముసుగు ఆ లోపాన్ని కప్పుతుంది. అభినయంలో భాగంగా పవిత్రకర్మలను అనుకరించవచ్చునా అనేది నిజమైన చిక్కు, ఎందుకనగా ఆ వస్త్రాలను యథార్థంగా ధరించే పరంపరలు నేటికీ సజీవంగా ఉన్నాయి. పైన పేర్కొన్న అమెరికన్ సమాజం తన పేరిట మతకర్మలు జరుపరాదని, ఎవరినీ వాటిలో పాల్గొనుమని నిర్బంధింపరాదని నియమం చేసుకొన్నది. అది ఉచితమే.

బెనెడిక్ట్ నియమావళి 58వ అధ్యాయం దీక్షావిధిని వివరిస్తుంది. ప్రార్థనామందిరంలోనే నూతన సన్న్యాసి సొంత బట్టలు విప్పించి మఠవస్త్రం ధరింపజేస్తారు. విప్పిన బట్టలను పారవేయరు. మఠపు బట్టలకొట్టులో భద్రపరుస్తారు. ఎన్నడైనా అతడు వ్రతం వీడి వెళ్ళనెంచితే మఠవస్త్రం తీసుకొని, ఆ బట్టలే తొడిగి పంపివేస్తారు. అభినేత సాయంకాలానికి తన బట్టలు తాను ధరించి ఇల్లు చేరుతాడు. ఆ సన్న్యాసి బట్టలు మాత్రం, అతడు వ్రతంలో నిలిచినన్నాళ్ళు, గోడకవతల అట్లే వేచియుండేవి.