గడి తప్పిన అంకె



జీతాల బిల్లు టైపు కొట్టిన ప్రతి గుమాస్తాకూ తెలిసిన సంగతే: అంకె ఎంత సరైనదైనా గడి తప్పితే తప్పే. టైపు మిషనుకు ట్యాబ్‌లు సరిచేసుకుని, రూపాయల కింద రూపాయలు, పైసల కింద పైసలు పడేలా కొట్టడం మనమంతా సీనియర్ల చేత చీవాట్లు తిని నేర్చుకున్నాం. కంప్యూటరు కూడా ఈ విద్యను అంచెలంచెలుగానే నేర్చింది.

1957లో ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బాకస్ బృందం తయారుచేసిన ఫోర్ట్రాన్ భాషలో ‘ఫార్మాట్’ అనే వాక్యం ఉండేది. ఏ అంకె ఎన్ని స్థానాల్లో అచ్చు కావాలో అందులో ముందే చెప్పాలి. ఆ తర్వాత అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో యునిక్స్ మొదలైంది. డెన్నిస్ రిచీ అక్కడే సి భాషను రూపొందించారు. అందులో అచ్చు పని చూసేది ‘ప్రింట్ఎఫ్’. చివరి ఎఫ్, ఫార్మాట్‌కు పొట్టి పేరు.

యునిక్స్‌లో మనం టైపు చేసిన ఆదేశాలను అందుకుని అమలు జరిపేది షెల్. అందులో అచ్చు వేయడానికి మొదట్నుంచీ వాడుకలో ఉన్నది ‘ఎకో’. ఇచ్చినదాన్ని తిరిగి పలకడమే దాని పని, గడుల సంగతి దానికి పట్టదు. పైగా కొత్త వరుసలోకి పోకుండా ఆపాలంటే బర్కిలీ యునిక్స్‌లో ఒక గుర్తు, ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్‌లో మరొకటి. చివరకు 1992లో పోసిక్స్ ప్రమాణం ప్రింట్ఎఫ్‌ను షెల్ ఆదేశంగా కూడా చేర్చింది.

ఇదంతా నాకు తెలియడానికి ఒక కారణముంది. 1990ల చివర్లో నేను పనిచేసిన కార్యాలయంలో డి.ఎ. బకాయిల జాబితాను ఎకోతో తీసేవారు. పేరుకూ అంకెకూ నడుమ ఒక ట్యాబ్. ఒక పొడవాటి పేరు ఆ ట్యాబ్ స్థానాన్ని దాటిపోయింది. దాంతో ఆ వరుసలోని బకాయి అంకె పక్కనున్న రికవరీ గడి కిందికి జరిగింది. ఆ పేరు మా దగ్గర పనిచేసి చనిపోయిన అటెండరు భార్యది. ఆమెకు రావలసిన డబ్బు, ఆమె కట్టవలసిన డబ్బయింది.

“మా ఆయన సర్కారుకు బాకీ పడే మనిషి కాదు బాబూ” అంటూ రెండు నెలలు తిరిగింది. “కంప్యూటరు తప్పు చెయ్యదమ్మా” అని పంపించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మూడోసారి వచ్చినప్పుడు చేతిరాత రిజిస్టరు తీసి పోల్చి చూస్తే గాని అసలు సంగతి బయటపడలేదు.

సెక్షన్‌లోని కుర్రవాడు ఎకో తీసేసి ప్రింట్ఎఫ్ పెట్టాడు. పర్సెంటు గుర్తు, హైఫన్, 30, చుక్క, 30, ఎస్ అని రాస్తే: పేరుకు 30 స్థానాలు, ఎడమకు ఆనించు, మించితే కత్తిరించు. చుక్క పక్కనున్న 30 లేకపోతే పొడుగు పేరు అంకెను మళ్లీ తోసేస్తుందట. పర్సెంటు గుర్తు, 10, చుక్క, 2, ఎఫ్ అంటే: అంకెకు 10 స్థానాలు, పైసలకు రెండు, కుడికి ఆనించు. మన టైపు మిషను లెక్కే!

ప్రింట్ఎఫ్ నేటికీ లినక్స్ యంత్రాల్లో ఆ పనే చేస్తోంది. అయినా మీ చేతికొచ్చే ప్రతి కాగితంలో అంకెతో పాటు దాని గడి మీదున్న శీర్షిక కూడా చదవండి.

ఆ తల్లికి డబ్బు అందింది. క్షమించమని మాత్రం నేను ఆనాడు అడగలేదు. ఇన్నేళ్లకు ఈ పత్రిక ముఖంగా అడుగుతున్నాను.