ఒకే తేది, రెండు తిథులు



మనం ఏ దేవతాకార్యానికి కూర్చున్నా ముందుగా సంకల్పం చెప్పుకొంటాం. కల్పం, మన్వంతరం, యుగం మొదలుకొని సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాకా కాలాన్ని స్మరిస్తాం. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ కూర్చున్నామో దేశాన్ని స్మరిస్తాం. ఆ పిమ్మటనే మన గోత్రనామాలు. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరుని సన్నిధిలోనైనా, జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరుని సన్నిధిలోనైనా, పులివెందుల వారు తరచుగా వెళ్ళే గండి వీరాంజనేయుని సన్నిధిలోనైనా క్రమం ఇదే. కాలదేశాలు చెప్పనిదే కర్తకు పేరు లేదన్నమాట.

మన పెద్దలు చరిత్రను కూడా ఈ విధంగానే గుర్తు పెట్టుకొన్నారు. 1876-77 నాటి కరువును రాయలసీమలో ఏ ముసలమ్మా క్రీస్తుశకంతో చెప్పలేదు. 'ధాత కరువు' అన్నది. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువు 'నందన కరువు' అయినది. సంవత్సరం పేరే ఆపదకు పేరు. మహనీయుల విషయంలో తిథియే ప్రధానం. వైశాఖ పూర్ణిమ నాడు బుద్ధుని జననం, జ్ఞానోదయం, నిర్యాణం మూడూ జరిగినవని బౌద్ధులు స్మరిస్తారు. మన తాళ్ళపాక అన్నమాచార్యుల జయంతినీ ఆ పూర్ణిమ నాడే జరుపుకొంటున్నాం. వేరు వేరు శతాబ్దాల వారు ఒకే పున్నమి వెలుగులో నిలుస్తారు.

ఇంగ్లీషు తేదీల సంగతి వేరు. అవి కచేరీల తేదీలు, ఖజానా తేదీలు. అయినప్పటికీ ఒక్కొక్కప్పుడు అవి కూడా రెండు ఘటనలను పక్కపక్కన కూర్చోబెడతాయి. అటువంటి తేది ఒకటి జూలై 10. 1806లో ఆ తేదీన రాయవేలూరు కోటలో సిపాయిలు తిరుగబడ్డారు. సరిగ్గా నలభై ఏండ్లకు, 1846లో, అదే తేదీన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. కోయిలకుంట్ల ఇప్పుడు మనకు పొరుగు జిల్లా గాని, ఆనాడు కడప జిల్లాలోని తాలూకాయే. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అది అటు వెళ్ళింది. కావున ఈ రెండవ ఘటన మన ఇంటిది.

ముందు వేలూరు సంగతి. విజయనగర ప్రభువుల కాలం నాటి ఆ కోట, తళ్ళికోట యుద్ధానంతరం అరవీటి వంశపు రాయలకు రాజధాని కూడా అయినది. కోట నడుమ జలకంఠేశ్వరాలయం ఉన్నది. 1806 నాటికి కోట ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్నది. టిప్పు సుల్తాను కుమారులను అందులోనే బందీలుగా ఉంచారు. మదరాసు సైన్యపు సిపాయిలు సుమారు 1500 మంది, 69వ రెజిమెంటుకు చెందిన తెల్లవారు సుమారు 370 మంది అక్కడ ఉండేవారు. మదరాసు సైన్యంలో తెలుగువారు ఎందరెందరో ఉన్నారు. ఉత్తరదేశంలో కంపెనీ సిపాయిని 'తెలంగా' అని పిలిచే వాడుక దానివల్లనే వచ్చినది.

1805 నవంబరులో సర్వసేనాని క్రాడక్ కాలాన ఒక ఉత్తర్వు వెలువడింది. సిపాయి కవాతుకు వచ్చినప్పుడు నుదుట కులమత చిహ్నం ఉండరాదు. నామమైనా, విభూతి రేఖలైనా చెరుపుకొని రావలె. చెవిపోగులు తీసివేయవలె. గడ్డం గొరిగించుకోవలె. మీసం వారు చెప్పిన కొలతకు రావలె. తలపాగాకు బదులు తోలు కుచ్చు గల కొత్త టోపీ పెట్టుకోవలె. ఆ టోపీ తెల్లవారి టోపీని పోలి ఉండటంతో, మతం మార్చడానికే ఈ ఏర్పాటని హిందువులకూ ముస్లిములకూ ఒకే అనుమానం కలిగింది. 1806 మే నెలలో వేలూరులో సిపాయిలు కొత్త తలపాగా ధరించబోమన్నారు. ఒక హిందువుకు, ఒక ముస్లిముకు తొమ్మిదేసి వందల కొరడా దెబ్బలు శిక్ష వేశారు. మరి 19 మందికి అయిదేసి వందలు వేసి, క్షమాపణ చెప్పుకొన్న మీదట విడిచిపెట్టారు.

బొట్టు ఎంతటి వస్తువు? చిటికెడు తిరుమణి, చిటికెడు విభూతి. దానిని చెరుపుమన్న అధికారికి అది కవాతులో పొందిక కుదరని మరక. పెట్టుకొన్నవానికి అది తండ్రి నేర్పిన సంధ్య, తల్లి పెట్టిన గుర్తు. ఆజ్ఞ ఇచ్చినవాడు దుష్టుడని నేను చెప్పబోను. అడగవలసిన ప్రశ్న అడుగలేదు, అంతే. ఒక్క పూట ఏ సుబేదారునైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే తెలిసేది.

జూలై 9న టిప్పు కుమార్తె వివాహం. ఆ సందడి ముగిసిన రాత్రి, తెల్లవారక ముందే సిపాయిలు లేచారు. 14 మంది అధికారులు, 69వ రెజిమెంటు వారు నూరుమందికి పైగా మరణించారు. నిద్రలో ఉన్నవారు, ఆసుపత్రిలో ఉన్న రోగులు కూడా హతులైనారు. దీనిని దాచవలసిన పని లేదు. ఆర్కాటు నుండి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి, ఉదయమే కోటను తిరిగి పట్టుకొన్నాడు. ఆనాడు 350 మందికి తక్కువ కాకుండా సిపాయిలు హతులైనారు. పిదప కొందరిని ఉరితీశారు, కొందరిని ఫిరంగులకు కట్టి పేల్చారు. తిరుగబడిన పటాలాలను రద్దు చేశారు. అయితే టోపీ ఉత్తర్వు కూడా రద్దయినది. గవర్నరు బెంటింకును, క్రాడక్‌ను 1807లో వెనక్కు పిలిపించారు.

ఆ సంవత్సరం మన సీమలో ఏమి జరుగుతున్నది? 1800 అక్టోబరు 12 నాటి సంధితో నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1807 దాకా ఆయనే. గ్రామాలు కొలిపించాడు, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు, ఎనభై మంది దాకా ఉన్న పాలెగార్ల కోరలు పీకాడు. రైతులకు ఆయన మీద ప్రేమ ఉండినది. బిడ్డలకు 'మన్రోలయ్య' అని పేరు పెట్టుకొన్నారు. పాలెగార్ల ఇండ్లలో మాత్రం ఆ పేరు వేరుగా వినిపించి ఉంటుంది. పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే గండి వద్ద ఆయనకు బంగారు తోరణం కనిపించినదనీ, అది కనిపించినవారు ఎక్కువ కాలం బ్రతుకరనీ పులివెందుల వైపు ఒక ఐతిహ్యం. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. అది నాలుగు రోజులు ఆలస్యమై ఉంటే, మనవాళ్ళు జూలై 10 మీద ఇంకొక పురాణం అల్లి ఉండేవారు!

మన్రో వెళ్ళిన తరువాత పాలెగార్ల వంశాలకు మిగిలినది 'తవర్జీ' అనే భరణం. జమ్మలమడుగుకు ఉత్తరాన ఎంతో దూరం లేని నొస్సం జమీందారు జయరామిరెడ్డికి మనుమడు నరసింహారెడ్డి. తాతగారికి మగ సంతతి లేనందున ఆయన భరణం ఆగిపోయింది. నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. పాత లెక్కలో అణాకు 12 పైలు కనుక ఏటికి సరిగ్గా 140 రూపాయలు. ఆ సొమ్ముకు మనిషిని పంపితే కోయిలకుంట్ల తహసీల్దారు అవమానించి పంపాడని చెబుతారు. ఇది ఒక్క రెడ్డిగారి రోషమే అయితే కథ అక్కడే ముగిసేది. ఊరి కావలి కాచే కట్టుబడి వారి మాన్యాలను కంపెనీ అదే కాలంలో లాగుకొన్నది. తరతరాలుగా కాపలాకు కూలిగా దున్నుకొంటున్న చెక్క పోయేసరికి, వారు వచ్చి ఆయన వెనుక నిలిచారు. వారిలో బోయలు అధికం.

1846 జూలై 10 మధ్యాహ్నం, దాదాపు 500 మందితో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. దొరికినది 805 రూపాయల 10 అణాల 4 పైలు. లెక్క వేసి చూడండి. ఆరేండ్ల తవర్జీకి కూడా చాలదు. దానికోసం ఇంత పని చేశాడని ఎవరైనా అంటే, ఆయనకు లెక్కలు రావని అనుకోవాలి. తరువాత ప్రొద్దుటూరు సమీపాన దువ్వూరు ఖజానా, అటుపిమ్మట అహోబిలం దిగువన రుద్రవరం. నల్లమల అడవి ఆయనకు కొంత కాలం కోట అయినది. విజయదశమి గడచి వారం తిరగక ముందే, అక్టోబరు 6న, పేరుసోముల దగ్గరి జగన్నాథాలయపు కొండ మీద పట్టుబడ్డాడు. తొమ్మిది వందల మందికి పైగా జనంపై అభియోగాలు మోపారు. 1847 ఫిబ్రవరి 22న, మహాశివరాత్రి వెళ్ళిన వారం పది దినాలకు, కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తలను కోట బురుజుకు వ్రేలాడదీశారు. అది 1877 దాకా, అనగా ముప్పై ఏండ్లు, అక్కడనే ఉన్నదని చెబుతారు.

ఇప్పుడు పంచాంగం తెరిచి చూద్దాం. 1806 క్షయ నామ సంవత్సరం. 1846 పరాభవ నామ సంవత్సరం. పేర్లు వింటేనే గుండె కలుక్కుమంటుంది. లెక్క కట్టగా రెండు ఘటనలూ ఆషాఢ బహుళ పక్షంలోనే వస్తున్నవి. తిథులు మాత్రం కలియవు. వేలూరు నాటిది అష్టమీ నవముల సమీపం. అర్ధచంద్రుడు నడిరేయి దాటాక ఉదయించే వేళ. కోయిలకుంట్ల నాటిది వ్యాసపూర్ణిమ వెళ్ళిన వెంటనే. కనుక ఈ సామ్యం పంచాంగం ఇచ్చినది కాదు, కంపెనీ వారి క్యాలెండరు ఇచ్చినది. దీనిలో దైవ సంకేతం ఉన్నదని కొందరు మిత్రులు నాతో వాదించారు. నాకు ఆ ధైర్యం లేదు. నరసింహారెడ్డి వేలూరు తేదిని ఎంచుకొన్నాడనడానికి ఆధారమూ లేదు.

అయినా రెండింటినీ కలిపి చదివితే, విడివిడిగా చదివినప్పుడు తోచనిది ఒకటి తోస్తుంది. ఒకచోట నుదుటి గుర్తు, మరొకచోట మాన్యపు చెక్క. రెండూ మనిషికి తన వంశం ఇచ్చిన గురుతులు. రెండింటినీ కాగితం మీద ఒక్క పంక్తితో తుడిచివేశారు. వేలూరులో చనిపోయినవారు కంపెనీ సొంత సైన్యం కావడం వల్ల భయం లండను దాకా పోయింది. ఉత్తర్వు వెనక్కు వెళ్ళింది. కోయిలకుంట్లలో చనిపోయినవారు సీమ రైతులు, కావలివారు. ఒక్క గవర్నరు కూడా కదలలేదు, మాన్యాల లెక్క అట్లే నిలిచింది.

ఇంకొక సంగతి. వేలూరు నాటి క్షయ సంవత్సరం అరవై ఏండ్లకు మళ్ళీ వచ్చింది. అది 1866; కరువు సంవత్సరం. అదే ఉయ్యాలవాడ గ్రామంలో బుడ్డా వెంగళరెడ్డి గంజి కేంద్రాలు పెట్టి వేలమందికి ప్రాణం నిలిపాడు. విక్టోరియా రాణి ఆయనకు స్వర్ణపతకం పంపింది. ఒకే ఊరివారు ఇద్దరు. ఒకరి మెడకు రాణిగారి బంగారం చేరేనాటికి ఇంకొకరి తల కోయిలకుంట్ల బురుజు మీదనే ఉన్నది. రేనాటి జనం మాత్రం ఇద్దరినీ సూర్యచంద్రులని ఒకే ఊపిరితో పిలుచుకొన్నారు.

వేలూరు కోటలోని జలకంఠేశ్వరుని ఆలయం కూడా చాలా కాలం మూలమూర్తి లేక, పూజ లేక ఉండిపోయింది. 1981లో స్వామి మళ్ళీ తన గర్భగుడికి చేరాడు. వేలూరు తిరుగుబాటుకు రెండు వందల ఏండ్లు నిండినప్పుడు, 2006లో, తపాలా శాఖ బిళ్ళ విడుదల చేసింది. నరసింహారెడ్డి పేరు 2021లో కర్నూలు విమానాశ్రయానికి పెట్టారు. ఇవి లౌకిక మర్యాదలు, సంతోషమే.

ఇక వైదిక మర్యాద. ముప్పై ఏండ్లు తల బురుజు మీద ఉన్నవానికి అంత్యేష్టి ఏనాడు సంపూర్ణమైనట్లు? కోట గోడల పక్కన కూలిన సిపాయిలకు నువ్వులు నీళ్ళు వదిలినవారు ఎవరు? వారి ఊర్లు దూరం, పేర్లు తెలియవు, తిథి ఇంటివారికి చేరి ఉండదు. ఇటువంటి వారి కోసమే మన పూర్వులు ఒక రోజును విడిగా ఉంచారు. మహాలయ పక్షంలో భాద్రపద బహుళ చతుర్దశి. శస్త్రహతులకు కేటాయించిన తిథి. కత్తికి, తుపాకికి బలియైనవారు ఏ శతాబ్దంలో ఏ తేదీన పోయినా ఆ ఒక్క రోజుకు చేరుతారు. తర్పణంలో బంధువులు లేనివారికి సైతం ఒక దోసిలి నీరు విధించబడి ఉన్నది. ఆ చతుర్దశి నాడు పెన్నలో గాని, పాపఘ్నిలో గాని దిగినవారు, తమ పితరుల పేర్లు ముగిసిన తరువాత ఆ దోసిలి విడుస్తారు.