మునుగుట, కరగుట, ఒక్కటగుట

రెండు బ్యాంకులు ఒక్కటైనపుడు ఇంగ్లీషు వార్తలలో ‘మెర్జర్’ అను మాట వినబడును. శ్రోతలలో పెక్కురు దానిని ‘యూనియన్’ అను మాటకు పర్యాయపదముగా గ్రహింతురు. మేమును చాలకాలము అట్లే తలచితిమి. కాని ఈ మాటల పుట్టుపూర్వోత్తరములు విచారించినచో రెంటికిని నడుమ గల దూరము కొంచెము కాదు.

కలయికను చెప్పు ఇంగ్లీషు మాటలు నానాదిక్కులనుండి వచ్చి చేరినవి. తేయాకు పొట్లములపై కనబడు ‘బ్లెండ్’ ప్రాచీన నార్సు భాషతో చుట్టరికము గలది. ‘ఫ్యూజ్’ అనుమాట లాటినులో కరగించి పోయుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. ‘అమాల్గమ్’ రసవాదుల సొత్తు. పాదరసము వెండినో బంగారమునో తనలో కలుపుకొన్నపుడు ఏర్పడు ముద్దకు ఆ పేరు. ఇవి యేవియు పేచీ పెట్టునవి కావు. పేచీ యంతయు ‘మెర్జ్’ తోనే.

లాటినులో ఈ మాటకు మూలమైన ధాతువునకు ముంచుట అని అర్థము. ‘సబ్‌మెరైన్’ కాదు గాని, ‘సబ్‌మెర్జ్’ అన్నపుడు ఆ నీటి తడి నేటికిని తగులును. ఇంగ్లండు న్యాయవాదులు దీనిని ఆస్తిహక్కులకు అన్వయించిరి. ఒకనికి ఒక భూమిపై కౌలుహక్కు కలదనుకొందము. అతడే ఆ భూమిని కొని పూర్తి యజమాని యైనచో, కౌలుహక్కు వేరుగా నిలువక పెద్ద హక్కులో మునిగిపోవును. 18వ శతాబ్దపు న్యాయవేత్త విలియం బ్లాక్‌స్టన్ చిన్న హక్కు నశించునని నిర్మొగమాటముగా చెప్పెను. ఇందు ఇరువురు కలిసి క్రొత్తదొకటి యగుట లేదు. ఒకటి నిలుచును, ఒకటి మునుగును.

‘యూనియన్’ లాటినులో ‘ఒకటి’ అను సంఖ్యనుండి వచ్చినది. వినుటకు ఇంపైన మాట. 1707 మే 1న ఇంగ్లండు, స్కాట్లండు ఏకరాజ్యమైనది ఆ పేరుతోనే. అంతకుముందు ఎట్టి యూనియన్ అను విషయమై తీవ్రమైన వాదము జరిగెను. ఆండ్రూ ఫ్లెచర్ వంటి స్కాట్లండు నాయకులు తమ పార్లమెంటు తమకుండవలెనని పట్టుపట్టిరి. ఇంగ్లండు పక్షమువారు ఒకే పార్లమెంటు ఉండవలెననిరి. ఇంగ్లండు మాటయే నెగ్గినది. కామన్స్ సభలో ఇంగ్లండు, వేల్సులకు 513 స్థానములు, స్కాట్లండుకు 45. స్కాట్లండు న్యాయస్థానములు, చర్చి మాత్రము నిలిచినవి. పేరు యూనియన్ యైనను పార్లమెంటు మట్టుకు జరిగినది మునకయే యని మా అభిప్రాయము. ఆ మునిగిన పార్లమెంటు స్థానమున 1999లో ఎడింబరోలో క్రొత్త పార్లమెంటు కూడినది.

ఈ మాటల తేడా మన దేశమునకును తెలిసివచ్చినది. 1947లో స్వదేశ సంస్థానాధిపతులు మొదట వ్రాసి యిచ్చినది ‘ఎక్సెషన్’, అనగా చేరిక పత్రము. దాని ప్రకారము రక్షణ, విదేశ వ్యవహారములు, రాకపోకల సాధనములు అను మూడు విషయములే కేంద్రమునకు సంక్రమించినవి. పిమ్మట వచ్చినది ‘మెర్జర్’ ఒడంబడిక. దానితో పాలనాధికారము సమస్తము చేజారెను. రాజభరణము, బిరుదములు మిగిలెను. ఆ భరణములును 1971లో రద్దైనవి. ఒక పత్రమునకును మరియొక పత్రమునకును నడుమ కొన్ని నెలలే. మాట మారినది, రాజ్యము పోయినది. రాయలసీమలోని బనగానపల్లె సంస్థానము ఇట్లే 1948లో మద్రాసులో కలిసి కర్నూలు జిల్లాలో భాగమయ్యెను.

‘మెర్జర్’కు మన పత్రికలు ‘విలీనము’ అను మాటను వాడుక చేసినవి. సంస్కృతమున దీనికి కరగుట అను అర్థము కలదు. మునిగిన రాయి నీటికి రుచి నీయదు. కరగిన ఉప్పు రూపము కోల్పోయినను రుచి నిచ్చును. తెలుగు మాటయే దయ గలదని మాకు తోచుచున్నది. ఆ సంస్థానము ఏ పటములోను లేదు. 1953లో ఆ ఊరు ఆంధ్రరాష్ట్రమునకు, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు చెందినది. 2022నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. వేసవి వచ్చినచో మాత్రము బండ్లపై పండ్లమ్మువారు ఆ పేరునే ఎలుగెత్తి పిలుచుచుందురు.